తెల్లవార్లూ తెరిచిన కొట్టు

ప్రొద్దుటూరులో మున్వర్ బట్టల కొట్టుకు రంజాన్ నెలంతా షట్టరు దిగదు. ‘తెల్లవార్లూ తెరిచే ఉంటుంది’ అని బ్యానరు కట్టించాడు మహానుభావుడు. కట్టించింది ఆయనే గానీ, తెల్లవార్లూ నిలబడేది మాత్రం అందులో పనిచేసే మహబూబ్‌బీ.

ఆ రోజు ఆమె కూతురు మైమూన్‌కు తొలి రోజా ఉపవాసం. ఎనిమిదేళ్ల పిల్ల. తెల్లారకముందు తినే సహరి అమ్మ చేత్తోనే తినిపించాలని పంతం పట్టింది. ఆ సంగతి మహబూబ్‌బీ ముందే చెప్పుకుంది. “దానికేముంది, మూడింటికి పోమ్మా” అన్నాడు మున్వర్.

తీరా మూడయ్యేసరికి జమ్మలమడుగు నుంచి ఒక కుటుంబం దిగింది. వాళ్ల సహరి కారులోనే అయిపోయిందట.

“పండగ బేరం. వీళ్లకు చూపిచ్చి పో” అని మున్వర్ మేడెక్కాడు. పైనే అతని ఇల్లు. మెట్ల మీదుగా ఖీమా వాసనా, పిల్లల నవ్వులూ దిగివస్తుంటే మహబూబ్‌బీకి ఒళ్లు మండిపోయింది.

వాళ్లు చిన్నపిల్లల గౌన్లన్నీ విప్పించారు. రంగు నచ్చితే జరీ నచ్చదు, జరీ నచ్చితే చేతులు నచ్చవు. ఆమె పళ్లు నూరుకుంటూనే నవ్వింది. చివరికి “పులివెందులలో ఇంతకన్నా మంచివి ఉండాయిలే” అని ఉత్త చేతులతో లేచారు. అప్పుడే మసీదు సైరన్ మోగింది. ఇక ఎవరూ మెతుకు ముట్టకూడదు.

వెంటనే ఫోను.

“అమ్మా, యాడుండావు?”

“వస్తాండా బిడ్డా. తింటివా?”

“లే. అవ్వ తినమనింది. నువ్వొస్తావని వాకిలి తెరుచుకోని కూసున్యా. సైరన్ అయిపాయె గదా.”

“ఈ పొద్దు వద్దులే తల్లీ, రేపుందువు.”

“రోజా ఉంటానని నీయత్ చేసేసినా. ఉంటా.”

నీళ్లు కూడా తాగలేదు పిల్ల.

మున్వర్ మూతి తుడుచుకుంటూ దిగాడు. “ఏంది, కుదిరిందా బేరం?”

ఆమె కొక్కెం కడ్డీ తీసుకుని బయటికి నడిచి, షట్టరును ఒక్క ఊపున కిందికి లాగింది. ఆ చప్పుడుకు వీధంతా తిరిగి చూసింది.

“ఏయ్, లోపల నేనుండా!” మున్వర్ షట్టరు బాదాడు.

“ఉండు. నీ బిడ్డలకు తినిపిచ్చుకున్యావు గదా. నా బిడ్డ నా కోసం ఉత్త కడుపుతో రోజా పట్టింది. పొద్దు మునిగి, రోజా విడిచేటప్పుడు దాని నోట్లో ఖర్జూరం పెట్టేదాకా నేను రాను. షట్టరు నువ్వే ఎత్తుకో.”

కడ్డీ మెట్టు మీద పారేసి, ఇంటివైపు పరుగందుకుంది.