పెట్రోల్ పైపుకు పట్టు ముడి

అమృతమ్మ సంచిలో రెండు చొక్కాలు పెట్టింది, తీసింది, కింద తువాలు పరిచి మళ్లీ పెట్టింది. ఆరు జొన్నరొట్టెలు గుడ్డలో చుట్టింది. పల్లీల పొడి సీసా మూత బిగించి, అది ఊడుతుందేమోనని బోర్లించి చూసింది. తలనొప్పి మాత్రలు, జ్వరం మాత్రలు, అవి పడకపోతే వేసుకోవడానికి ఇంకో రకం మాత్రలు. ఇంట్లో మనిషి గుమ్మం దాటుతున్నాడంటే ఆమె చేతులు ఒక చోట నిలవవు. చీరల మూటతో బస్సెక్కిన భర్త అనంతయ్యను ఇరవై ఏళ్ల కిందట నలుగురు మోసుకొచ్చి అరుగు మీద దించారు. అప్పటినుంచీ అంతే.

"ఏందమ్మా గిది?" కొడుకు శ్రవణ్ కుమార్ సంచి ఎత్తి చూసి నవ్వాడు. "నాగర్‌కర్నూల్ పోతున్న, దుబాయ్ పోతలే. జావేదన్న ఇంట్ల పెండ్లి బిర్యానీ ఇడిసిపెట్టి నీ రొట్టెలు తింటనా?"

"తినకుంటే కుక్కకెయ్యి. తొవ్వల ఆకలైతదేమో."

"రెండు గంటల తొవ్వకు ఆరు రొట్టెలా!"

అతను తీసుకుపోవలసిన కారు పక్క గదిలో ఉంది. ఒకప్పుడు అది మగ్గం గది. తండ్రి పోయాక శ్రవణ్ మగ్గం విప్పేశాడు గాని గుంటను పూడ్చలేదు. ఇంకా వెడల్పుగా, లోతుగా తవ్వి, కార్ల కింద నిలబడి పని చేసుకోవడానికి ఉంచుకున్నాడు. అనంతయ్య కాళ్లు పెట్టుకుని నేసిన చోటే కొడుకు తల పైకెత్తి బోల్టులు బిగించేవాడు.

ఆ కారుకు రెండే తలుపులు. నేలకు ఆనుకున్నట్టు ఉంటుంది. జావేద్ తండ్రి కుర్రతనంలో మోజుపడి కొన్నది, ఆయన పోయాక ముప్పై ఏళ్లు కోళ్లు గుడ్లు పెట్టాయి అందులో. తమ్ముడి పెండ్లి ఊరేగింపు బరాత్‌లో తండ్రి కారే ముందు నడవాలని జావేద్ పట్టుబట్టాడు. శ్రవణ్‌కు పది నెలలు పట్టింది. తుప్పు తిన్న తలుపుల అడుగులు కోసి కొత్త రేకు అతికాడు. పుట్టీ పెట్టాడు, రుద్దాడు, మళ్లీ పెట్టాడు. చచ్చిన ఇంజన్‌ను గొలుసుతో పైకి లాగి పారేసి, హైదరాబాద్ తుక్కు దుకాణంలో దొరికిన పెద్ద కారు ఇంజన్ దించాడు. అది లోపల పట్టకపోవడంతో, కారు ముందు మూతకు గూనిలా మూపు లేపాడు. రంగు కొట్టేటప్పుడు అద్దాలకు పాత దినపత్రికలు అంటిస్తే, అమృతమ్మ వంగి, తల తిప్పి, ఆ వార్తలన్నీ చదివేది. చదువు ఆమెకు ఎవరూ నేర్పలేదు. పట్టు చుట్టి వచ్చిన కాగితాల మీద కూడబలుక్కుని నేర్చుకుంది. ప్రమాదాల వార్త ఒక్కటీ వదిలేది కాదు.

అంతా అయింది అనుకున్న గురువారం పొద్దున ఒక్కచోట పేచీ వచ్చింది. పాత పెట్రోల్ పైపు లావు, కొత్త ఇంజన్ మూతి సన్నం. క్లిప్పు ఎంత బిగించినా ఊట ఆగలేదు. సరైన కొలత క్లిప్పు గద్వాలలో దొరకలేదు. వనపర్తిలో స్పేర్ పార్టుల హైదర్‌కు ఫోన్ చేస్తే తన దగ్గర ఉందన్నాడు. కాని వనపర్తి దాకా పోయేదెట్లా?

"తే, నేను కడత," అంది అమృతమ్మ.

"చీరకు కట్టినట్టు కారుకు కడ్తవా?"

"నూలు పోగుకు పట్టు పోగు కలిపిన చెయ్యిరా ఇది. ఒకటి లావు, ఒకటి సన్నం. నలభై ఏండ్లల్ల ఒక్క కొంగు ఊడలే."

అది నిజం. గద్వాల చీర ఒళ్లు నూలు, కొంగు పట్టు. ఆ రెండూ కలిసేచోట పోగు పోగుకూ ముడి వేయాలి. ఆ ముళ్లకు ఆమెనే పిలిచేవారు. ఎనిమిది పట్టు పోగులు కలిపి పేని, చిక్కటి గంజిలో ముంచి, పైపు చుట్టూ వరసగా, వరస మీద వరసగా బిగించి చుట్టింది. ఆరాక గోటితో మీటింది. కర్రలా పలికింది. శ్రవణ్ అరగంట ఇంజన్ నడిపాడు. ఒక్క చుక్క కారలేదు.

"వనపర్తి దాంక చాలు," అన్నాడు.

"వనపర్తి దాంకనే. హైదర్ దగ్గర ఆగి క్లిప్పు ఏయించుకో. నా మీద ఒట్టు."

"నీ మీద ఒట్టు. పోయొస్తనమ్మా."

ఎర్ర కారు సందు మలుపు తిరిగేదాకా ఆమె అరుగు మీద నిలబడింది.

పదకొండింటికి ఫోన్ మోగింది.

"వనపర్తి దాటుతున్ననమ్మా. మూత లేపి చూసిన. ఒక్క చుక్క లేదు! గా హైదర్ దుకాణంల మస్తు మంది ఉన్నరు. చెయ్యి ఊపి వచ్చేసిన. నీ ముడి ఉండంగ క్లిప్పెందుకే?"

ఒట్టు మాట నాలుక చివరిదాకా వచ్చింది. వెనక్కి తిరుగు, ఆగు అనాలి. జీవితమంతా అందరినీ ఆపబోయిన మనిషి, ఆ ఒక్కసారి, పొంగిపోయింది.

"నిజంగనే కారలేదా?" అని మళ్లీ అడిగింది.

"నీ తోడు."

"చూసి పో మల్ల."

ఫోన్ పెట్టేసి, తన వేళ్లు తనే చూసుకుంది. చాలా ఏళ్ల తర్వాత ఒక మధ్యాహ్నం భయం లేకుండా అన్నం తిని, కాసేపు నిద్రపోయింది.

సాయంత్రం హైదర్ వచ్చాడు. అరుగు కిందే నిలబడ్డాడు. చేతిలో శ్రవణ్ సంచి ఉంది. ఎవరూ అడగకుండానే చెప్పసాగాడు. బిజినపల్లి దాటాక పొగ వచ్చిందట. శ్రవణ్ కారు పక్కకు ఆపి, సంచి రోడ్డు మీదికి విసిరి, ముందు మూత లేపాడట. మూత లేవగానే మంట మీదికి దూకిందట. ఇంజన్ వేడికి గంజి మాడి పెళుసై, అదురుకు పగిలి, పైపు జారి ఉంటుందని అక్కడి మెకానిక్ అన్నాడట.

"క్లిప్పు తీసి గల్లా మీద పెట్టిన తల్లీ," అన్నాడు హైదర్. "చెయ్యి ఊపిండు. ఆగుతడనే అనుకున్న."

చీర కొంగు నిప్పు పక్కన ఉండదు. ఆ సంగతి తట్టవలసింది అమృతమ్మకే. ఆమె సంచి అందుకుని విప్పింది. పొడి సీసా మూత ఊడలేదు. రొట్టెలు ఆరూ ఉన్నాయి.

శ్రవణ్ కుమార్ ప్రాణాలతో గద్వాలకు తిరిగి రాలేదు. అది 2023 ఫిబ్రవరి తొమ్మిదో తేదీ, గురువారం.