బాధ్యుల పేరు

"మా ఆవిడ ఎలాగూ లేస్తుంది కదండీ" అన్నాడు సత్యదుర్గారావు వీధి అరుగు మీంచి. లోపల కొబ్బరి కోరుతున్న ఆదిలక్ష్మి చెయ్యి ఆగలేదు.

పద్దెనిమిదేళ్ళుగా రాత్రి ఆఖరి బస్సు వాళ్ళ వాకిట్లోనే ఆగి, తెల్లవారి ఐదింటికి అమలాపురం బయలుదేరుతుంది. "మా గుమ్మంలో బస్సు పడుకుంటాదండీ" అని అత్తగారు పేరంటాల్లో చెప్పుకుంటుంది. బస్సు పడుకుంటుంది, డ్రైవరు పడుకుంటాడు, కండక్టరు పడుకుంటాడు. నాలుగింటికి లేచి వాళ్ళకి వేణ్ణీళ్ళు, టీ పెట్టేది ఆదిలక్ష్మి. ఆ డీజిలు బండి చలికాలంలో పావుగంట మొరాయించేది. వంటింటి గోడ అదిరేది, బోర్లించిన గిన్నెల మీద మసి పేరుకునేది. మొదట్లో ఒళ్ళు మండేది. తర్వాత నిద్ర కావాలనిపించడమే మానేసింది. మానేసిన సంగతి కూడా మరిచిపోయింది. ఆ బస్సు ఒక్కనాడూ ఎక్కలేదు. ఎక్కి ఎక్కడికెళ్ళాలి? ఒకసారి జ్వరమొచ్చి లేవలేకపోతే, "బస్సు కన్నా నీకే రిపేర్లెక్కువ" అని మొగుడు నవ్వాడు. తనూ నవ్వినట్టే గుర్తు.

వచ్చే నెల నుంచి కరెంటు బస్సు. చప్పుడుండదు, పొగుండదు. చార్జింగు పెట్టె వాకిట్లోనే బిగిస్తామని డిపో నుంచి ఆఫీసరు వచ్చి కూర్చున్నాడు.

"ఒకటే చిక్కండి. రాత్రి కరెంటు పోయి వస్తే చార్జింగు దానంతటది మొదలవదు. ఎవరో ఒకరు లేచి మీట నొక్కి, పచ్చ లైటు వెలిగిందో లేదో చూడాలి. ఒక్క రాత్రి తప్పినా మొదటి ట్రిప్పు పోయినట్టే."

"డ్రైవరు గారో కండక్టరు గారో చూసుకోరా బాబూ?" అంది అత్తగారు.

"వాళ్ళిద్దరి నిద్రా చెడకూడదండి. తెల్లారితే జనాన్ని మొయ్యాలి కదా. రూలండి."

నిద్రకి రూలుంటుందని ఆదిలక్ష్మికి అప్పుడే తెలిసింది. ఆ రూలుకి మొగుడిచ్చిన జవాబే ఆ మాట, ఎలాగూ లేస్తుంది కదండీ అని.

ఆఫీసరు కాగితం తీశాడు. "బాధ్యుల పేరు?"

"నాదే రాసుకోండి" అని సత్యదుర్గారావు తన పేరు ఇంటిపేరుతో సహా నెమ్మదిగా, ఒత్తులు తప్పకుండా చెప్పాడు.

ఆదిలక్ష్మి టీ తెచ్చేసరికి గేటు దగ్గర నర్సు రాహేలు నిలబడి ఉంది. ఆ మొదటి బస్సు అందకపోతే ఆమెకు అమలాపురం ఆసుపత్రిలో డ్యూటీ అందదు.

"బస్సు తీసెయ్యరు కదా అక్కా?"

ఆదిలక్ష్మి గ్లాసులు బల్ల మీద పెట్టింది. కాగితం మీద తడి ఆరని ఆ పేరు చూసింది. పందొమ్మిదేళ్ళ కాపురంలో ఆ పేరు ఆమె నోటితో పలికింది లేదు. రేషను డిపోలో అడిగినా పక్కవాళ్ళ చేత చెప్పించేది.

"ఆయ్, ఉంటుంది రాహేలూ" అంది. "రాత్రి కరెంటు పోతే సత్యదుర్గారావు గారు లేస్తారు."