మూలకు నెట్టినప్పుడు

ఈ ఫైనల్ గెలిస్తే శిరీన్ ఆసియా క్రీడలకు వెళ్తుంది. అక్కడ ఫైటింగ్ వీడియో గేమ్‌కు కూడా పతకం ఉంది. ఓడితే, వీరభద్రలాగే కర్నూలు బస్టాండు వెనక గేమింగ్ సెంటర్‌లో మిగిలిపోతుంది. అతనికి ఆ రెండోదే కావాలి.

సెంటర్ అతనిదే. ఆ పిల్లకు కంట్రోలర్ పట్టుకోవడం నేర్పిందీ అతనే. కానీ ఎంపిక పోటీల్లో అతను ఏ ఏడూ తొలి రౌండు దాటలేదు. ఆమె మొదటిసారికే ఫైనల్‌కొచ్చింది. పేపరువాళ్లు ఆమె ఫొటో తీస్తూ అతన్ని కాస్త పక్కకు జరగమన్నారు. అది ఇంకా గుచ్చుకుంటూనే ఉంది.

విజయవాడ సెమీస్‌లో ఆమె ఎత్తులన్నీ అవతలివాళ్లకు దొంగపేరుతో చేరవేశాడు. అయినా గట్టెక్కింది. ఈ పొద్దున పుణె ప్రత్యర్థికి మళ్లీ మెసేజ్ పెట్టాడు. మూలకు నెడితే ఆమె తప్పకుండా పైకి ఎగురుతుంది, గాల్లో ఉండగానే కొట్టు అని. తనతో ప్రాక్టీసులో కొన్నాళ్లుగా ప్రతిసారీ అదే చేస్తోంది. తప్పని తెలిసీ అతను దిద్దలేదు.

మ్యాచ్ ఆన్‌లైన్‌లో, అతని సెంటర్ నుంచే. చెరో రౌండు గెలిచారు. చివరి రౌండులో పుణె కుర్రాడు ఆమెను మూలకు నెట్టేశాడు. వీరభద్ర తెర దగ్గరికి జరిగాడు.

పుణె ఫైటర్ పిడికిలి గాల్లోకి లేచింది. అక్కడ ఎవరూ లేరు. శిరీన్ ఎగరలేదు, కిందికి వంగి కాళ్ల మీద కొట్టింది. పడ్డవాణ్ణి మళ్లీ లేవనివ్వలేదు.

సెంటర్ దద్దరిల్లింది. ఎలా గెలిచావని లైవ్‌లో వ్యాఖ్యాత అడిగితే, ఆమె వీరభద్ర వైపే చూస్తూ చెప్పింది.

"అంతా మా వీరన్న వల్లే."

టీకొట్టు బొజ్జన్న అతని వీపు చరిచాడు. "ఏమప్పా గురువూ, పార్టీ యాడ?"

వీరభద్ర ఎలాగో నవ్వాడు.

అందరూ వెళ్లాక ఆమె కంట్రోలర్‌ను సంచిలో పెట్టుకుంది.

"విజయవాడప్పుడే అనుమానమొచ్చింది. అందుకే ఆ ఎగిరేది నీకొక్కనికే చూపించినా, అన్నా."

అతనికి క్షమాపణ నోటిదాకా రాలేదు. వేరే మాట వచ్చింది.

"ఆ వంగి కొట్టేది ఎవరు నేర్పినారు?"

"ఎవరూ నేర్పలేదు. ఇంట్లో నేనే నేర్చుకున్నా."

ఆమె మెట్లు దిగిపోయింది. వీరభద్ర షట్టరు సగం దించి, ఆమె కుర్చీలోనే కూర్చుని గేమ్ పెట్టాడు. తన ఫైటర్‌ను తనే మూలకు తీసుకెళ్లాడు. ఎన్నిసార్లు ప్రయత్నించినా ఆ దెబ్బ పడలేదు.