ఒంటిచేతి జాకెట్టు

గాలి.

కిటికీలో చిలకపచ్చ జాకెట్టు. దానికి ఒకటే చెయ్యి. గాలి వచ్చినప్పుడల్లా ఆ ఒక్క చెయ్యీ లేస్తుంది, ఊగుతుంది, మళ్లీ వాలుతుంది — ఒంటిరెక్క చిలక ఎగరనా మాననా అని తేల్చుకోలేనట్టు.

కిటికీ లోపల కుట్టుమిషను. మిషను వెనక మాస్టారు.

వీధిలో ఆయన్ని కోతల మాస్టారనే అంటారు. గుడ్డ కోతలు గంపెడైతే మాటల కోతలు బండెడు. తాను కుట్టిన చొక్కా తొడిగితే పొలంలో దిష్టిబొమ్మ లేచి పెళ్లికి వెళ్లిపోయిందని చెప్పిన మనిషి. పైగా పెళ్లికూతురు ఎవర్ని చేసుకోవాలో తెలియక తికమకపడిందట.

విన్నవాళ్లంతా నవ్వేవాళ్లు.

ఒక్కరు తప్ప. ఆయన చెల్లెలు.

తొమ్మిదేళ్ల కిందట ఆమె కూతురు కాలేజీలో పట్టా పుచ్చుకునే రోజు. అన్న కుడుతున్న ఆ జాకెట్టు తాను వేసుకుని వెళ్లాలని తల్లి ముచ్చట. పొద్దున్నే ఫోను చేసింది. జాకెట్టు బయలుదేరింది, అన్నారు మాస్టారు. గంటాగి చేసింది. బయలుదేరింది, దారిలో సర్కసు ఏనుగు అడ్డంగా పడుకుంది, అన్నారు. మళ్లీ చేసింది. ఏనుగు లేచింది, తొక్కిసలాటయింది, అన్నారు…

తీరా ఆమే వచ్చి చూస్తే — మిషను మీద జాకెట్టు. ఒకటే చెయ్యి.

అక్కడ కూతురు పట్టా పుచ్చుకుంది. చూడవలసిన కళ్లు ఇక్కడ ఉండిపోయాయి.

"ఇక నీ మొహం చూడను అన్నయ్యా," అంది.

చూడలేదు.

జాకెట్టు వెనక గోడ మేకుకి ఎక్కింది. కత్తిరించి పెట్టిన రెండో చెయ్యి సొరుగులోకి వెళ్లింది. ఎందుకు కుట్టలేదని మీరడగవచ్చు. కుడితే ఎవరికిస్తారు?

అలాంటి వీధిలోకి ఒక ఉదయం టీవీ సీరియల్ వాళ్లు దిగారు.

వ్యాన్లు. వైర్లు. పట్టపగలు దీపాలు. ఉన్న జనమంతా మేడలెక్కారు. టీవీలో తాటిచెట్టంత కనిపించే హీరో తీరా చూస్తే మాస్టారి భుజం దాకా వచ్చాడు. రెండేళ్లుగా రోజూ ఏడుస్తున్న హీరోయిన్ మెట్ల మీద కూర్చుని, వేరుశెనక్కాయలు ఒలుచుకుంటూ పకపకా నవ్వుతోంది. ఆడవాళ్లు కాస్త నొచ్చుకున్నారు. ఆమెతోపాటు తాము కార్చిన కన్నీళ్లన్నీ ఏట్లో కలిసినట్టేగా మరి.

మాస్టారికి మాత్రం కాలు నిలవలేదు.

ఆ సీరియల్‌ని చెల్లెలు ఒక్కరోజు మానదు. మేనకోడలు ఎప్పుడో చెప్పింది. సాయంత్రం ఏడయిందంటే కుర్చీలోంచి లేవదట. మొహం చూడనంది — సరే. ఆ మొహమే టీవీలోంచి ఆమె గదిలోకి వస్తే? ఒట్టు గడపకి గానీ టీవీకి కాదుగా!

గడ్డం గీసుకున్నారు. మీసానికి రంగేశారు. ఎక్కడ ఏ వస్తువుందో నోటుబుక్కులో రాసుకునే అమ్మాయి చుట్టూ బెల్లం చుట్టూ ఈగలా తిరిగారు. చివరికి ఆమె కరిగింది. హీరో హీరోయిన్లు మాట్లాడుకుంటూ నడుస్తారు. వాళ్ల వెనక, కిటికీలో, దర్జీ కుడుతూ ఉంటాడు.

తల మాత్రం ఎత్తకూడదు.

ఎత్తారు. షాటు పోయింది.

రెండోసారీ ఎత్తారు. మూడోసారి ఎత్తి, నవ్వారు కూడా.

"తాతగారూ, ఇంకోసారి తలెత్తారంటే మిషనొక్కటే ఉంటుంది, మీరుండరు," అంది అమ్మాయి. అంటూనే గోడకేసి చూసింది. ఆ పచ్చరంగు బాగుందంది. కిటికీకి తగిలిద్దామంది.

"అది వద్దమ్మా…"

అప్పటికే తగిలించేసింది.

నాలుగోసారి మాస్టారు తల దించారు. మీసం రంగంతా బూడిదలో పోసిన పన్నీరు. గాలి వచ్చింది. పైన ఒంటి చెయ్యి లేచింది. కెమెరా దాన్ని తీరిగ్గా చూసింది.

మొహాన్ని పంపుదామనుకున్నారు.

తప్పు బయలుదేరింది.

వెళ్లేముందు అమ్మాయి ఫోటోలు తీసుకుంది. సీనులో మిగతా సగం నాలుగు రోజుల్లో తీస్తాం, అందాకా ఏదీ కదపొద్దు, గుండీ కూడా కుట్టొద్దు అని మరీ మరీ చెప్పింది.

అప్పుడు పట్టుకుంది దురద.

తొమ్మిదేళ్లు కుట్టవచ్చు — కుట్టలేదు. ఇప్పుడు కుట్టకూడదు — వేళ్లు ఊరుకోవు.

నాలుగు రోజులు… ఆరు… పది. వాళ్లు రాలేదు. సొరుగు తెరుచుకుంటుంది, మూసుకుంటుంది. సూదిలో దారం ఎక్కుతుంది, దిగుతుంది. హీరో మీతో ఏమన్నాడు మాస్టారూ అని వీధంతా ఆశగా అడిగింది. ఏమీ అనలేదన్నారు. ఈయనకి ఒంట్లో బాగాలేదని వీధి బెంగపెట్టుకుంది.

గాలి మాత్రం రోజూ వచ్చింది. చెయ్యి లేపింది. వాల్చింది.

పదకొండో సాయంత్రం తీసిన సగం టీవీలో వచ్చింది.

రెప్పపాటు. కింద వంగిన బట్టతల. పైన చిలకపచ్చ. ఊగుతున్న ఒక్క చెయ్యి. మొహం లేదు. చెల్లెలి ఒట్టు చెక్కుచెదరలేదు.

ఫోను మోగింది. మేనకోడలు.

"మామయ్యా, అమ్మ చూసింది."

మాస్టారు ఫోను రెండో చెవికి మార్చారు.

"కుర్చీ టీవీ దగ్గరికి లాక్కుంది. ఒకటే మాటంది."

"ఏమంది?"

"ఓహో, ఇంకా బయలుదేరలేదన్నమాట — అంది."

తొమ్మిదేళ్లలో మొదటి మాట. కోపమో, ఎకసెక్కమో… నవ్విందా అని అడగబోయారు. అడగలేదు.

"రేపు మళ్లీ చూపిస్తారా అంటోంది. ఏం చెప్పను మామయ్యా?"

నాలుక చివరికి ఏనుగు వచ్చింది. వచ్చి, తొండమెత్తి, సిద్ధంగా నిలబడింది.

మాస్టారు దాన్ని వెనక్కి తోలేశారు.

"తెలీదని చెప్పమ్మా."

తెల్లవారింది. సొరుగులోంచి రెండో చెయ్యి తీసి బల్ల మీద పరిచారు. కిటికీలోది తొమ్మిదేళ్ల వెలుతురికి వెలిసి, దీని పక్కన పండుటాకులా ఉంది. సొరుగులోది ఇంకా లేతాకు. రెండూ ఒకే తానులోవంటే ఎవరూ నమ్మరు.

కుడితే — తీసిన సగానికి అతకదు, ఆ కిటికీ చెల్లెలికి ఇక కనిపించదు.

కుట్టకపోతే — జాకెట్టు ఎప్పటికీ బయలుదేరదు.

వీధి మలుపులో వ్యాను చప్పుడు. వాళ్లదో, పాలవాళ్లదో… మాస్టారు తల ఎత్తలేదు. పాదం మిషను మీదే ఉంది. తొక్కలేదు. తీయలేదు.

గాలి.

కిటికీలో వెలిసిన చెయ్యి లేచింది, ఊగింది.

బల్ల మీద — కుట్టని చెయ్యి — అదీ అంచు దగ్గర కొంచెం లేచింది…