ఒకే పుస్తకం కొనే మనిషి

ఇబదాన్ పట్నంలో లారీల అడ్డా పక్కన టార్పాలిన్ కింద పాత పుస్తకాలు అమ్ముకునే రవూఫుకి ఒక వింత బేరగాడు ఉన్నాడు. మిగతావాళ్ళు వచ్చి బడి పుస్తకాలూ బైబిళ్ళూ ఎవరో చదివి పారేసిన నవలలూ తిరగేసి పోతారు. ఈ పెద్దమనిషి ఎప్పుడొచ్చినా ఒకే పుస్తకం అడుగుతాడు. దొరికితే కొంటాడు. కొన్నాక మళ్ళీ అదే అడుగుతాడు.

ఆకుపచ్చ అట్ట పుస్తకం అది. అడవుల్లో వేటగాళ్ళు ఓగూన్ దేవుడి ముందు పాడుకునే పాటల్ని అకింగ్బాదే అనే బడిపంతులు సైకిలు మీద ఊరూరా తిరిగి రాసుకుని అచ్చు వేయించాడు. ఒక్కసారే పడింది అచ్చు. పంతులు పోయాడు, అచ్చాఫీసు మూతబడింది, పుస్తకాలు పల్లీల పొట్లాలైపోయాయి. రవూఫు మాత్రం మొండివాడు. ఏ మేష్టారు పోయాడని తెలిసినా పరామర్శకి వెళ్ళి, ఏడ్చేవాళ్ళతో పాటు నాలుగు కన్నీళ్ళు కార్చి, మెల్లిగా పుస్తకాల బీరువా సంగతి ఎత్తేవాడు. అట్లా ఆరేడు కాపీలు లాగాడు. అన్నీ ఈయనకే అమ్మాడు.

"బాబా, ఒకే పెళ్ళాన్ని ఇన్నిసార్లు పెళ్ళాడినవాణ్ణి మిమ్మల్నే చూశాను" అనేవాడు.

"నోరు మూసుకుని ఇంకోటి వెతుకు" అనేవాడు పెద్దాయన.

ఆ పెద్దాయన పేరు ఒగుందిరన్. ఆయన వీధిలో నడిచిపోతుంటే లారీ డ్రైవర్లు హారన్ కొట్టి దండం పెడతారు. ఇనుము పట్టుకుని బతికేవాళ్ళందరికీ దేవుడు ఓగూన్, ఓగూన్ పాటకి నోరు ఒగుందిరన్. వేటగాడు పోతే కర్మకి ఆయనే, కొత్త లారీకి ఓగూన్ పేర కుక్కని బలిస్తే అక్కడా ఆయనే, పండగ పొద్దున రేడియోలోనూ ఆయనే. పాట ఎత్తుకునే ముందు ఎప్పుడూ ఒకే మాట చెబుతాడు. "ఇది మా నాన్న ఒదేతుండే నోట్లోంచి నా నోట్లో పడింది."

అది పచ్చి అబద్ధం. ఒదేతుండే గురి తప్పని వేటగాడే. కానీ మనిషికి నత్తి. వేటగాళ్ళ కూటమిలో పాడే వంతు వచ్చి లేచి నిలబడితే మొదటి మాట దగ్గరే దవడ బిగుసుకుపోయేది. జనం విరగబడి నవ్వేవాళ్ళు. ఆ నవ్వుల మధ్య కొడుకు మోకాళ్ళలో తల దూర్చుకుని కూచునేవాడు. వయసొచ్చాక పట్నం వచ్చి, అడవి మనుషులు చాలామందిలాగే తుపాకి భుజాన వేసుకుని కాపలా పనికి కుదిరాడు, ఒక టీచర్ల కాలేజీలో. అక్కడ చెత్తలో దొరికింది ఆకుపచ్చ అట్ట. కూడబలుక్కుని చదివాడు, కంఠతా పట్టాడు. గొంతు ఆయనదే, అందులో సందేహం లేదు. మాటలు మాత్రం ముక్కూ మొహం తెలియని వేటగాళ్ళవి. ప్రతి పాట కిందా పాడినవాడి పేరు, ఊరు పంతులు శ్రద్ధగా వేశాడు.

చాలా ఏళ్ళు బెంగ లేకుండానే గడిచింది. ఒక కర్మలో పాడుతుంటే జనంలో ఎవరో ముసలి మేష్టారు పెదవులు కదుపుతూ కనిపించాడు. పాట వెంట కాదు, పాటకంటే ఒక మాట ముందు. ఆ రోజు నుంచీ ఒగుందిరన్‌కి నిద్ర కరువైంది. వేటగాళ్ళు ఎన్నిటినైనా సర్దుకుపోతారు. ఒకడి నోటి పాటని ఇంకొకడు తన తండ్రిదని చెప్పుకుంటే మాత్రం కూటమిలో చాప వెయ్యరు. అందుకే దేశంలో ఉన్న ప్రతి కాపీ కొని మంచం కింద రేకు పెట్టెలో పెట్టాడు. కాల్చడానికి చెయ్యి రాలేదు. ఓగూన్ పేరున్న కాగితం కదా.

ఆ మంగళవారం రవూఫు కబురు పెడితే, ఇంకోటి దొరికిందనుకుని వచ్చాడు. టార్పాలిన్ కింద పుస్తకం లేదు. బల్ల మీద ఒక పెద్దావిడ కూచుని ఉంది. నీలం రంగు బట్ట చుట్టుకుంది, తలకి అదే గుడ్డ, ఒళ్ళో చేతిసంచీ.

"వచ్చారా బాబా! చూడమ్మా, నీ పుస్తకాన్ని దేశంలో ఎవరన్నా దాచుకున్నారంటే ఈయనే" అన్నాడు రవూఫు, తనే కన్నట్టు మురిసిపోతూ. "బాబా, ఈమె ఇబిదున్ అమ్మ. ఆకుపచ్చ పుస్తకం పంతులుగారి కూతురు!"

ఒగుందిరన్‌కి నోట్లో నములుతున్న కోలా గింజ చేదెక్కింది.

"మా ఇంట్లో ఒక్కటీ మిగల్లేదు అన్నగారూ" అంది ఆవిడ. "నాన్న అడిగినవాడికల్లా ఇచ్చేశాడు. మిగిలినవి ఇల్లు కురిసి పోయాయి. మళ్ళీ అచ్చు వేయిద్దామని నేనూ తమ్ముళ్ళూ చందాలేసుకున్నాం. తీరా చూస్తే వెయ్యడానికి అసలు పుస్తకమే లేదు. ఒక్కటి ఎరువివ్వండి. అచ్చవగానే తెచ్చిస్తాను."

"అయ్యో. చెదలు పట్టాయమ్మా" అన్నాడాయన.

"అన్నిటికీనా?" అన్నాడు రవూఫు.

"చెదపురుగు లెక్క చూసుకుని తింటుందిట్రా? అన్నిటికీ."

రవూఫు మొహం పాలిపోయింది. తను కన్నీళ్ళు కార్చి సంపాదించిన సరుకు మరి. ఆవిడ మాత్రం తప్పు పట్టలేదు. "పోనీలెండి. నాన్న సాయంత్రాలు చదివి వినిపించేవాడు, నాకు కొన్ని ముక్కలు గుర్తున్నాయి. అవైనా రాసుకుంటాను" అని కళ్ళు మూసుకుని, పిల్లలకి పాలు పట్టేటప్పుడు పాడినట్టు మొదలుపెట్టింది.

"అడవిపందీ, అడవిపందీ,
ముక్కే నీకు గునపం,
చీకట్లో దున్నుతావు, తెల్లారి పడుకుంటావు..."

అక్కడ ఆగిపోయింది. పెదవులు వెతుక్కున్నాయి. "తరవాత దుంప సంగతేదో వస్తుంది... ఛ!"

ఒగుందిరన్ నోరు కట్టేసుకుందామనే అనుకున్నాడు. కానీ ముప్పై ఏళ్ళు ఒకే దారిలో తిరిగిన నాలుక అది, యజమానిని అడగలేదు.

"దుంప నాటిందెవరో ఎవరికీ తెలియదు,
నీ దవడల చప్పుడు ఊరంతా వింటోంది."

ఆవిడ కళ్ళు తెరిచింది. "అదే! అచ్చం అదే! మీకెట్లా వచ్చు?"

"అదేంటమ్మా అట్లా అంటావు" అని రవూఫే అందుకున్నాడు. "వాళ్ళ నాన్నగారి పాట అది! రేడియోలో ఎప్పుడూ వినలేదా? ఒదేతుండే కొడుకు ఒగుందిరన్ అంటే ఈయనే!"

ఆవిడ గబుక్కున లేచింది. "అయితే మా నాన్న సైకిలేసుకుని వెళ్ళి రాసుకొచ్చింది మీ నాన్నగారి దగ్గరన్నమాట! పాడినవాళ్ళ పేర్లన్నీ వేశాడు గానీ అవెవరికి గుర్తున్నాయి! చెప్పండన్నగారూ, సరిగ్గా చెప్పండి. ఈసారి మీ నాన్నగారి పేరు మొదటి పేజీలోనే వేయిస్తాం." సంచీలోంచి కాగితం, పెన్ను తీసింది.

చెప్పకుండా ఉండొచ్చు. కానీ రవూఫు చూస్తున్నాడు, పక్క కొట్టు టైర్లవాడు కూడా పని ఆపి చూస్తున్నాడు. "ఒదేతుండే" అన్నాడు.

ఆవిడ రాసుకుంది. రాసుకుని, చేతిసంచీ పక్కన పెట్టి, ఆ ఆయిలు మరకల బురదలో, అరవై దాటిన మనిషి, రెండు మోకాళ్ళూ నేలకి ఆనించి దండం పెట్టింది. "మీ నాన్నగారు నోరు విప్పబట్టే మా నాన్న పుస్తకం పుట్టింది. ఆయన తరఫున ఈ దండం మీరు తీసుకోండి."

నోరు విప్పబట్టే. ఒగుందిరన్‌కి కూటమిలో నిలబడ్డ తండ్రి కనిపించాడు, దవడ వణుకుతూ, మెడ నరాలు ఉబ్బి, మొదటి మాట కోసం పెనుగులాడుతూ. ఆ మనిషికి దండమట. టైర్లవాడు చప్పట్లు కొట్టాడు. మోకాళ్ళకంటిన బురద దులుపుకుంటూ ఆవిడ నవ్వుతోంది. ఆయన చెవులు కాలిపోతున్నాయి. లేపడానికి చెయ్యి అందించాల్సింది, అదీ చెయ్యలేదు.

"ఇక్కడే ఉండమ్మా" అన్నాడు. "వెళ్ళిపోకు."

ఇంటికి ఎట్లా వెళ్ళాడో, ఎవరు హారన్ కొట్టారో గుర్తులేదు. భార్య దుంపపిండి ముద్ద ముందు పెడుతుంటే దాటుకుని పోయి మంచం కిందికి వంగాడు. "భోజనం మంచం కింద లేదు, ఇక్కడుంది" అందామె. పెట్టె నెత్తిన పెట్టుకుని బయల్దేరాడు. దారిలో రెండుసార్లు నిలబడ్డాడు. ఒకటే ఇచ్చి, అందులో పేర్లున్న చోట చింపేస్తేనో అన్న ఆలోచన కూడా వచ్చింది. ఆ ఆలోచన వచ్చినందుకు మళ్ళీ చెవులు కాలాయి.

పెట్టె తెరవగానే రవూఫు గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. "చెదలు నా బంగారం! ఒక్క అట్ట కూడా కొరకలేదే! ఏం బాబా, ఈ ముసలితనంలో నాతో పరాచికాలా?"

ఇబిదున్ ఒక కాపీ తీసి ముక్కుకి ఆనించుకుని వాసన చూసింది. తండ్రి పేరుని వేలితో తడిమింది. తరవాత అడవిపంది పాట వెతికి పట్టుకుంది. కింద చిన్న అక్షరాలు దూరం పెట్టి, దగ్గర పెట్టి చదివింది.

"అజాని ఒదేకున్లే. కిషి ఊరు." తల ఎత్తింది. "ఇక్కడ వేరే పేరుందే అన్నగారూ? నాన్న పొరపాటు పడ్డాడేమో. మీ నాన్నగారి పేరు ఏ పాట కింద ఉందో మీరే చూపించండి."

ఎంత మర్యాద! తన తండ్రినే తప్పు పడుతోంది గానీ ఎదుట నిలబడ్డవాణ్ణి కాదు. ఔనని ఊరుకుంటే సరిపోయేది, పంతులు మీదికి నెట్టేస్తే సరిపోయేది.

"మీ నాన్న పొరపాటు పడలేదమ్మా" అన్నాడు. "మా నాన్న పేరు ఏ పాట కిందా లేదు. మా నాన్నకి నత్తి. జన్మలో ఒక్క పాట పాడలేదు. నేను దీన్ని చదివి నేర్చుకున్నాను. పాటలన్నీ ఇందులోవే. ఎవరూ చూడకూడదని అన్నీ కొనేశాను."

రవూఫు వంగి, సర్దనక్కర్లేని బైబిళ్ళని సర్దడం మొదలుపెట్టాడు. మొహం మాత్రం ఇటు తిప్పలేదు. టైర్లవాడు లేచి లోపలికి పోయాడు. సాయంత్రానికి ఈ మాట డ్రైవర్ల దగ్గరికి, రాత్రికి వేటగాళ్ళ దగ్గరికి చేరిపోతుందని ఒగుందిరన్‌కి తెలుసు.

ఇబిదున్ పుస్తకం మూసి బల్ల మీద కూచుంది. తరవాత ఒళ్ళో కాగితం వైపు చూసింది. మోకాళ్ళ దగ్గర బట్టకి బురద ఇంకా తడిగానే ఉంది.

"మరి దీన్నేం చెయ్యమంటారు?" అంది, గొంతు తగ్గించి. అన్నగారూ అనలేదు.

"కొట్టెయ్యమ్మా."

ఆవిడ పెన్ను తీసి ఒదేతుండే మీద గీత గీసింది. సిరా సరిగ్గా పడలేదు. పెన్ను విదిలించి మళ్ళీ గీసింది. ఒగుందిరన్ తల తిప్పుకోకుండా అక్కడే నిలబడి చూశాడు.