కొమ్ములు నీకు, మాంసం మాకు

కొమ్ముల్ని ఎంతసేపు ఉడకబెట్టినా పులుసు రాదు. ఈ సంగతి రస్టీకి మొదటి రోజే చెప్పాను. పడవలో కూర్చుని పెద్దగా నవ్వాడు. ఒక్లహోమాలో తలుపులూ కిటికీలూ అమ్మి బాగా వెనకేసుకున్నవాడు, మనిషి మంచివాడు. మూస్ దుప్పిని కొట్టాలని అంత దూరం నుంచి కెనడాలోని మా యూకాన్ అడవికి వచ్చాడు. ఇంట్లో ఒక గోడ ఖాళీగా ఉందట, దానికి సరిపడా కొమ్ములు కావాలట. ఆ గోడ ఫొటో కూడా తెచ్చుకున్నాడు.

మా కంపెనీ ఒప్పందం ఎప్పుడూ ఒకటే. కొమ్ములు డబ్బు కట్టినవాడివి, మాంసం మా ఊరిది. వేటగాళ్ళని వెంటబెట్టుకుని తిరగడం నా ఉద్యోగం కాబట్టి, మాంసం ఎవరి పొయ్యి మీదికి చేరినా నేను పట్టించుకోను. ఈసారి మాత్రం పట్టించుకున్నాను. వేట ముగిశాక వచ్చే శనివారమే మా అమ్మకి రాయి నిలిపే విందు.

మా ఆదివాసుల్లో తోడేలు వంశం వాళ్ళు కాకి వంశం వాళ్ళనే చేసుకోవాలి. పిల్లలది తల్లి వంశం. అమ్మా, నేనూ, తమ్ముడు లైలూ తోడేళ్ళం, నాన్న కాకి. అమ్మ పోయినప్పుడు గొయ్యి తవ్వింది, పెట్టె చేసింది, మా పొయ్యి ఆరకుండా చూసింది కాకి వాళ్ళే. ఏడాది తిరిగాక సమాధి మీద రాయి నిలిపి, వాళ్ళందరికీ కడుపు నిండా మూస్ మాంసం పెట్టి పంపాలి. దుఃఖం అక్కడితో దించుకోవాలి.

మా నాన్న దించుకునేలా కనిపించలేదు. అమ్మ పోయినప్పటి నుంచీ "ఊ", "వద్దు" అనే రెండు మాటలతోనే రోజులు నెట్టుకొస్తున్నాడు. తిండి కూడా అంతంత మాత్రమే. ప్లేటు ముందు పెడితే కాసేపు కెలికి పక్కకి జరిపేస్తాడు. అమ్మ విందులో ఆయన ప్లేటు నింపి, ఆయన తింటుంటే కళ్ళారా చూడాలి. నాకు కావలసింది అంతే. ఇంటికి మూస్ తెచ్చే లైల్ ఇంటి కప్పు మీద నుంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. మా తోడేళ్ళలో మిగతావాళ్ళకీ ఆ ఏడు వేట కలిసిరాలేదు. ఇక మిగిలింది రస్టీ తుపాకీ.

ఇదంతా చాలదన్నట్టు నాన్న అక్క టిల్లీ అత్త దుకాణంలో అందరి ముందూ నన్ను పట్టుకుంది.

"ఏమే కోడలా, మీ తోడేళ్ళు ఈసారి మాకు డబ్బా చేపలే పెడతారటగా?"

"నువ్వు ముందు కట్టుడు పళ్ళు గట్టిగా బిగించుకో అత్తా. మూస్ నమలాలి."

మాట విసిరేశాను గానీ, ఆ మూస్ ఇంకా అడవిలోనే ఉంది.

తీరా అడవికి వెళితే అదృష్టం మా పడవలోనే ఉన్నట్టు అనిపించింది. తెల్లవారేసరికి ఏటి ఒడ్డున కుర్ర మగ మూస్ ఒకటి నింపాదిగా పొదలు మేస్తోంది. వెన్ను నున్నగా మెరుస్తోంది. ఆ కొవ్వు చూసి నా నోట్లో నీళ్ళూరాయి.

"కాల్చండి" అన్నాను గుసగుసగా.

రస్టీ బైనాక్యులర్లోంచి చూసి పెదవి విరిచాడు. "మేడమ్, వీడింకా పసివాడు. ఈ కొమ్ములు నా గోడకి ఒక మూలకి కూడా రావు."

"తనంతట తాను వచ్చి నిలబడ్డదాన్ని వద్దనకూడదు. వెళ్ళి మిగతావాటికి చెబుతుంది."

"ఏమని చెబుతుంది?"

"మీకు మర్యాద తెలీదని."

మళ్ళీ నవ్వాడు. మర్నాడు ఇంకోటి వచ్చింది. ఇది మరీ చోద్యం. గులకరాళ్ళ దిబ్బ మీద నిలబడి, పెళ్ళిచూపుల్లో పిల్లలా ఇటు తిరిగింది, అటు తిరిగింది. మా ఊరి హాల్లో విందుకి కూర్చునే కాకి వాళ్ళంతా తిన్నా ఇంకా మిగిలేంత మాంసం. రస్టీ తల అడ్డంగా ఊపాడు. నాకు కోపం వస్తే 'మీరు' నిలవదు.

"నువ్వూ నీ గోడా! వెళ్ళి దానికి సున్నం కొట్టించుకో, పో!"

మూస్ ఆ అరుపుకి బెదిరి పొదల్లోకి వెళ్ళిపోయింది. రస్టీ చిన్నబుచ్చుకున్నాడు. సాయంత్రం గుడారంలో రేకు పొయ్యి దగ్గర కూర్చుని మెల్లగా అడిగాడు.

"ఏంటి సంగతి రోడా గారూ? అది గోడ మీద కోపం కాదు."

చెప్పేశాను. అమ్మ సంగతి, నాన్న సంగతి, టిల్లీ అత్త నోటి సంగతి అన్నీ. ఆయన టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ముందే చెప్పొచ్చు కదమ్మా!"

"చెబితే అది నీ వేట కాదు, నా వేట అయిపోతుంది. నువ్వు డబ్బు కట్టింది కొమ్ములకి."

"గోడ ఎక్కడికీ పోదులెండి. రేపు మీ పిలుపుకి ఏది ముందొస్తే అది. దూడంత ఉన్నా సరే."

ఒక్లహోమా మీద నాకు అమాంతం గౌరవం పెరిగిపోయింది. మర్నాడు పొద్దున్నే ఎండిన మూస్ భుజం ఎముక తీసుకుని విల్లో పొదల కొమ్మల మీద బరబరా గీశాను. మగ మూస్ కొమ్ములు రాసుకునే చప్పుడు అచ్చం అలాగే ఉంటుంది. తర్వాత దోసిలి నోటికి అడ్డం పెట్టుకుని ఆడ మూస్‌లా దీర్ఘంగా మూలిగాను. కుర్రది రావాలి, కొవ్వున్నది రావాలి అని లోపల మొక్కుకుంటూనే ఉన్నాను.

ముందు వాసన వచ్చింది.

జతకట్టే రోజుల్లో ముసలి మగ మూస్ తిండి మానేస్తుంది. గొయ్యి తవ్వి, అందులో ఉచ్చపోసి, ఆ బురదలోనే పొర్లుతుంది. ఆడవాటికి అది అత్తరు. మనుషులకి మాత్రం ఆ మాంసం నోట్లో పెట్టుకోవడం నరకం. ఇది వారాల తరబడి పొర్లినట్టుంది. పొదల్ని తొక్కుకుంటూ ఎదుటికొచ్చి నిలబడింది. అంతటి కొమ్ముల్ని నా ఉద్యోగంలో నేను చూడలేదు. రెండుసార్లు వద్దన్నందుకు మూస్‌లన్నీ కూడబలుక్కుని దీన్ని పంపాయని నాకు ఆ క్షణమే తెలిసిపోయింది.

"మేడమ్," అన్నాడు రస్టీ ముక్కు మూసుకుని, "ఇది... మీ విందుకి పనికొస్తుందా?"

రాదు. కానీ పిలిచింది నేను, వచ్చింది అది. మూడోసారి కూడా వద్దంటే ఇక మా ఏట్లోకి మూస్ అడుగు పెడుతుందా?

"కాల్చు" అన్నాను.

"ఈ వాసన..."

"కాల్చవయ్యా బాబూ!"

కాల్చాడు. గురి మాత్రం చక్కగా కుదిరింది. కోస్తున్నంతసేపూ ఇద్దరికీ కళ్ళ వెంట నీళ్ళే. రస్టీ కొమ్ముల్ని కొలిచి నోరెళ్ళబెట్టాడు. ఇప్పుడు గోడే చాలదట. నాకు నవ్వు రాలేదు. మాంసాన్ని అడవిలో వదిలేస్తే చట్టం ఒప్పుకోదు, చట్టం కంటే ముందు మా అమ్మ ఒప్పుకోదు. అంతా పడవలోకి ఎక్కించాం.

లైల్ ఊతకర్రలతో రేవుకి వచ్చి అక్కడే ఆగిపోయాడు. "ఏంటక్కా, చచ్చిపోయి కుళ్ళినదాన్ని తెచ్చావా?"

వెనిగర్‌లో నానబెట్టాం. పొగ పట్టించాం. ఉల్లిపాయలు గంపెడు వేసి ఉడికించాం. మూత తీసిన ప్రతిసారీ కిటికీ తెరవాల్సొచ్చింది. లైల్ విరిగిన కాలు చాపుకుని ఉల్లిపాయలు తరుగుతూనే ఉన్నాడు, అందుకు వాడికి నేను రుణపడి ఉన్నాను.

శనివారం రాయి నిలిపాం. తర్వాత కాకి వాళ్ళంతా హాల్లో బల్లల ముందు కూర్చున్నారు. రస్టీ ఊరికి పోవడం వాయిదా వేసుకుని వచ్చేశాడు. తప్పు తనదేనని, ఏప్రన్ కట్టుకుని మాతో పాటు వడ్డిస్తానని పట్టుబట్టాడు. పెట్టినదాన్ని వద్దనడం అతిథులకి తప్పు. అందుకని ఎవరూ వద్దనలేదు. అలాగని ఎవరూ ముట్టనూ లేదు. టిల్లీ అత్త ప్లేటు మీదికి వంగి, ఒకసారి పీల్చి, వెనక్కి వాలింది. ఆవిడ నోట మాట రాకపోవడం నేను పుట్టాక అదే మొదలు. తిట్టినా బాగుండేది. అమ్మ పేరు మీద పెట్టిన విందు, ఇలా చేశానే అని సిగ్గుతో చచ్చిపోయాను.

అందరూ నాన్న వంక చూస్తున్నారు. మొదటి ముద్ద ఆయనదే. నాన్న ఒక ముక్క తీసి నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. ఇంకా నమిలాడు. ఎదురు బల్ల దగ్గర ఎవరో గుటక వేశారు. చివరికి ఎలాగో మింగి, ప్లేటు నా వైపు జరిపాడు. నేను తీసేయబోయాను.

"తియ్యకు. ఇంకో రెండు ముక్కలు వెయ్యి" అన్నాడు.

ఆ ఏడాదిలో ఆయన నాతో అన్న అతి పొడుగాటి మాట అదే.

"నాన్నా, నా కోసం బలవంతాన తినక్కర్లేదు."

"వెయ్యవే. మీ అమ్మ బతికుంటే నన్నిది ముట్టనిచ్చేదా?"

నవ్వొచ్చో లేదో తెలియక అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ముందు నాన్న భుజాలు కదిలాయి. తర్వాత టిల్లీ అత్త "ఓరి తమ్ముడూ!" అంటూ బల్ల మీద చరిచింది. ఇక హాలంతా ఒక్కసారిగా ఘొల్లుమంది. కాకులు నవ్వారు, తోడేళ్ళం నవ్వాం, మాట మాటకీ ఏం జరుగుతోందని అడుగుతూ రస్టీ కూడా నవ్వాడు. "పోయిన మీ ఆడపడుచు కోసం ఏడుద్దామని వచ్చాం గానీ, ఈ కూర అంతకంటే ముందే ఏడిపించింది!" అని ఒక బావ అరిచాడు. "దాన్ని చంపారా, లేక అదే సిగ్గుతో చచ్చిపోయిందా?" అని ఇంకో బావ. ఒక్కొక్కరూ ముక్కు పట్టుకుని ముక్క తింటున్నారు, తిన్నవాడు తిననివాడిని వెక్కిరిస్తున్నాడు. గరిటె పట్టుకుని నేను నవ్వుతున్నానో ఏడుస్తున్నానో నాకే తెలియలేదు. ఆ రోజు నాకున్న సంతోషం అంతా ఇంతా కాదు.

నాన్న కళ్ళు తుడుచుకుని, "నవ్వింది చాల్లే, చల్లారితే ఇంకా కంపు" అన్నాడు.

రెండు ముక్కలు వేశాను. పక్కనే నిలబడి, ప్లేటు ఖాళీ అయ్యేదాకా చూశాను.