నల్లటి నలుసులు

పక్క మీద నల్లటి నలుసుల్ని మొదట చూసింది మా అత్తయ్యగారు. నా భార్య పోయి నాలుగు నెలలైంది. కూతురు లేని ఇంటికి ఆవిడ రావడం అదే మొదటిసారి. చీపురు పట్టుకుని పడగ్గదిలోకి వెళ్లినావిడ గుమ్మంలోనే కేక పెట్టింది.

"అల్లుడుగారూ, నల్లులు!"

వెళ్లి చూశాను. గోడవైపు, నా భార్య పడుకునే చోట, దుప్పటి మీద ఏడెనిమిది నలుసులున్నాయి. కొన్ని ఆవాల కన్నా కాస్త పెద్దవి, కొన్ని విరిగిన పెచ్చుల్లాంటివి.

"కదలడం లేదండీ."

"పట్టపగలు కదిలితే అవి నల్లులెందుకవుతాయి? బళ్లో పిల్లలకి ఏం చెబుతున్నారో ఏమో! ఈ పరుపూ ఆ దిండూ ఇవాళే బయట పారేయాలి. ఒకసారి పట్టాయంటే పీక్కుతింటాయి."

పరుపు పోయినా నాకు బాధ లేదు. నా భార్య దిండు మాత్రం ఇవ్వలేను. ఆ మాట ఆవిడతో అనలేక, "ఒక్క పావుగంట ఆగండి, పరీక్ష చేద్దాం" అన్నాను.

"పక్కకి కూడా పరీక్షేనా! పాసు మార్కులెన్నో అదీ చెప్పండి."

నలుసుల్ని తెల్లకాగితం మీదికి దులిపాను. భూతద్దంలో చూస్తే కాళ్లు లేవు. నల్లుల రెట్టయితే తడి దూదికి గోధుమరంగు మరక అంటుతుంది. అద్ది చూశాను, దూది తెల్లగానే ఉంది. పరుపు అంచులు, కుట్టు మడతలు, మంచం కీళ్లు అన్నీ వెతికాను. ఎక్కడా ఒక్క మచ్చ లేదు.

"నల్లులు కావండీ. ఏమిటో మాత్రం తెలియడం లేదు."

"తెలియనిదాన్ని పక్కలో వేసుకుని పడుకుంటారా? ఇటివ్వండి."

ఆవిడ కళ్లజోడు పెట్టుకుని ఒక నలుసును వేళ్ల మధ్య నలిపింది. వెలుతురుకు ఎత్తి మళ్లీ చూసింది.

"బూరుగు గింజలు. నావే," అంది చివరికి. "మీ పెళ్లికి ఆ దిండు కుట్టింది నేనే. రెండ్రోజుల్లో పెళ్లి, గింజలు సరిగ్గా ఏరకుండానే దూది కూరేశాను. చెవికి గుచ్చుకుంటున్నాయే అమ్మా అని పదకొండేళ్లూ దెప్పింది. మార్చవే అంటే మార్చదు."

"నన్నూ మార్చనివ్వలేదండీ."

ఆవిడ గలేబు విప్పి దిండు తిప్పింది. పక్క కుట్టు జానెడు విడిపోయి ఉంది. అందులో వేలు పెట్టి చూసి, "తల పెట్టుకుంటే ఇక్కడ విడిపోదే," అంది. తర్వాత దిండును ఒకసారి గుండెకి హత్తుకుని చూసి, నావైపు చూసింది. నేను భూతద్దం తుడుస్తూ కూర్చున్నాను.

"వెళ్లి పళ్లెం పట్రండి. ఆ ఫ్యానాపండి."

దుప్పటి ఉడుకునీళ్లలో నానబెట్టి, పరుపు ఎండలో వేసి, చాప మీద దిండులోని దూది పోసుకుని ఇద్దరం ఏరడం మొదలుపెట్టాం. నేను ఏరేసిన కుప్పను ఆవిడ మళ్లీ ముందుకు లాక్కుంది.

"మూడు వదిలేశారు. పేపర్లూ ఇలాగే దిద్దుతారా బాబూ?"

"నేను దిద్దిన పేపర్ల మార్కులు మీ అమ్మాయే కూడేదండీ."

ఆవిడ నవ్వింది. ముక్కు మీద దూది అంటుకుంది.

సాయంత్రానికి దిండు కుట్టేసింది. గలేబు బకెట్లో వేయబోయి ఆగింది. దాన్ని ముఖానికి దగ్గరగా పట్టుకుంది. నేను కిటికీవైపు తిరిగాను.

"ఇది తర్వాత ఉతుకుదాం," అంది.

"మీరున్నన్నాళ్లూ ఆ దిండు మీరు వేసుకోండి అత్తయ్యగారూ."

"మరి మీకో?"

"వెళ్లేటప్పుడు ఇచ్చి వెళ్లండి."

ఆవిడ ఆ గలేబే మళ్లీ తొడిగి, దిండు చంకలో పెట్టుకుని పక్క గదిలోకి వెళ్లింది.